చెవుల్లేని మొసలి

ఎల్క్ బెండ్, మొంటానా
ఫిబ్రవరి 8, 1982

అన్నయ్యకు,

ఒకే లోయలో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఊరు దాటితే ఫోను లైను లేదు, నా మాట నీకు చేరే దారి ఇంకోటి లేదు.

రోజూ సాయంత్రం రేడియోలో నీ గొంతు మా వంటింట్లోకి వచ్చి పడుతోంది. గుట్ట మీద మన రేడియో క్లబ్బు పెట్టెకి ఆ కొత్త ఆంప్లిఫయర్ తగిలించాక మరీ. మీ బావ గస్ వాల్యూం తగ్గించి తగ్గించి, విసుగొచ్చి రేడియో మీద తువ్వాలు కప్పాడు. నువ్వు నాకు అంత బాగా వినిపిస్తున్నావు. నేను నీకు వినిపించడం లేదు.

నిన్న ఆదివారం క్లబ్బు హాజరు పిలిచినప్పుడు "లియోటా, లియోటా" అన్నావు. పలికాను. మళ్లీ పిలిచావు, మళ్లీ పలికాను. చివరికి అరిచాను కూడా. పొయ్యి పక్కన పడుకున్న కుక్క లేచి బయటికి పోయింది. నువ్వేమో తాపీగా, "మా చెల్లెమ్మ ఇంకా అలక పాన్పు దిగలేదండీ, ఓటింగులో ఓడిపోయిందిగా" అన్నావు. మంగలి బర్డెట్ పకపకా నవ్వాడు. ఇంకా ఎవరెవరు నవ్వారో కూడా చెప్పగలను. ప్రతి నవ్వూ విన్నాను, ఆరిన్. ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను.

నాకు అలక లేదు. ఆ పెట్టెకున్న పని ఒక్కటే: ఒకరు చెప్పేది వింటూ, అప్పటికప్పుడు అదే మాట గట్టిగా తిరిగి చెప్పడం. మధ్యలో కొండ అడ్డం కాబట్టి అది లేకపోతే నా మాట కిందికి దిగదు. అందుకే అక్టోబరు మీటింగులో "దాని నోరు కాదు అన్నయ్యా, చెవి బాగుచేయించు" అన్నాను. నువ్వు పక్క కౌంటీ వాళ్లకు కూడా మన గొంతు వినిపించాలన్నావు. అందరూ నీకే చేతులెత్తారు. సరే, ఓడిపోయాను. దానికి ఫిబ్రవరి దాకా అలిగి కూర్చునే తీరిక నాకెక్కడిది? ఆవులు ఈనుతున్నాయి.

వచ్చేది మార్చి. టాన్సీ నది మీద మంచు ముందు మా వంపు దగ్గరే పగులుతుంది. నేను "మంచు కదిలింది" అంటే చాలు, కింద పల్లంలో ఉన్నవాళ్లు జీవాలను గట్టెక్కిస్తారు. నాన్న రోజుల్లో ఆయన గుర్రమెక్కి వెళ్లి చెప్పేవాడు. ఇప్పుడు నా నోరే గుర్రం. టిల్డా అత్త దగ్గర వినే రేడియో తప్ప మాట్లాడేది లేదు. మార్చి అంతా దాన్ని పక్కన పెట్టుకుని ఆ ఒక్క మాట కోసమే కూర్చుంటుంది. ఆవిడ గొర్రెల పాక నీళ్లకు ఎంత దగ్గరో నీకు తెలుసు.

పెట్టె సంగతి చూడు. నవ్వడం తరవాత.

లియోటా

*

కార్బీ
ఫిబ్రవరి 15

చెల్లెమ్మా,

నీ ఉత్తరం టపా మోసే హోబర్ట్ తెచ్చిచ్చాడు. నేను బర్డెట్ మంగలి షాపులో ఉంటే అక్కడే విప్పి అందరికీ చదివి వినిపించాను. తువ్వాలు దగ్గర బర్డెట్ కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. బ్రహ్మాండంగా రాస్తావే నువ్వు!

ఇక అసలు సంగతి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ ఫిర్యాదు. ఊళ్లో ఎవరినైనా అడుగు. "పెట్టె ఇంత బాగా ఎప్పుడూ పనిచెయ్యలేదు" అంటారు. పక్క కౌంటీలో ఒకాయన కారులో పోతూ పిలిచి, "మీరు నా పక్క సీట్లో కూర్చున్నట్టుందండీ" అన్నాడు. ఊరందరిదీ ఒకదారి అయితే ఉలిపికట్టెది ఒకదారి. నీ బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. లేదా ఇంటి మీద యాంటెనా గాలికి ఒరిగిపోయి ఉంటుంది. బావని నిచ్చెన వెయ్యమను. ఎక్కడానికి బద్ధకమైతే నీ గొంతే కొంచెం పెంచు, నీకది కష్టమేం కాదు.

ఇంకో తలనొప్పి ఉంది, నీకైనా ఏమన్నా తెలుస్తుందేమో చూడు. హాజరు వేళ ఎవడో కొంటెవెధవ బటన్ నొక్కి వదులుతున్నాడు. టక్. కాసేపాగి మళ్లీ టక్. నీ పేరు పిలిచినప్పుడే మరీ ఎక్కువ. నిన్న రేడియోలోనే గట్టిగా చెప్పాను, "ఎవడివో నాకు తెలుసురా, దొరికావంటే లైసెన్సు పీకిస్తా" అని. కాసేపు నోరు మూసుకున్నాడు.

మార్చి గురించి బెంగపడకు. అప్పటికి నీ బ్యాటరీ మార్చుకుంటావుగా.

ప్రేమతో,
ఆరిన్

*

ఎల్క్ బెండ్
ఫిబ్రవరి 19

కార్బీ రేడియో క్లబ్బు అధ్యక్షుల వారి దివ్య సముఖానికి,

ఆ కొంటెవెధవని నేనేనండీ.

మీరు లైసెన్సు పీకిస్తామన్నప్పుడు నోరు మూసుకున్నది కూడా నేనే. బటన్ వదిలేసి, మా అమ్మ కడుపున నాకంటే ముందు పుట్టినవాడు నన్ను వెధవా అంటుంటే విన్నాను. గస్ లేచి వచ్చి రేడియో కట్టేశాడు. "ఇంకొక్క మాట వింటే దీన్ని గొడ్డలితో కొడతాను" అన్నాడు. మీ బావ సంగతి మీకు తెలుసు, ఆవు తన్నినా పల్లెత్తు మాట అనడు.

బ్యాటరీ కొత్తది వేశాం. యాంటెనా నిటారుగానే ఉంది. గస్ నిచ్చెనెక్కి చూశాడు, వేళ్లు కొంకర్లు పోయాయి. రేడియోని బండిలో పెట్టుకుని శిఖరం అంచు దాకా వెళ్లి బర్డెట్‌ని పిలిస్తే, చక్కగా పలికాడు. ఇంటికొచ్చి పిలిస్తే టక్. అంటే రేడియో మంచిదే. ఇంటి నుంచి వెళ్లే మాట సన్నగా ఉంటుంది, అంతే. పోయిన ఏడు ఈ సన్నటి మాటనే పెట్టె చక్కగా వినేది.

ఇప్పుడేం జరుగుతోందో బాగా గమనించి రాస్తున్నాను, దయచేసి మంగలి షాపులో కాకుండా ఒంటరిగా చదవండి. పెట్టె ఊరికే ఉన్నప్పుడు నేను మాట్లాడితే వింటుంది. విని, తిరిగి చెప్పడానికి నోరు తెరుస్తుంది. తెరిచిన మరుక్షణం దానికి చెవుడు వస్తుంది. నా మాట తెగిపోతుంది. కాసేపటికి నోరు మూస్తుంది, మళ్లీ వింటుంది, మళ్లీ తెరుస్తుంది. మీకు వినపడే టక్ టక్ అదే. నేను నిండు వాక్యం చెబితే మీకు చేరేది తలుపు చప్పుడొక్కటే. ఇలాంటి పెట్టెని రేడియోవాళ్లు మొసలి అంటారని చిన్నప్పుడు నాకు చెప్పింది మీరే. నోరు బారెడు, చెవులు వెతికినా కనపడవు.

చిన్నప్పుడు గోడకి అటూ ఇటూ పడుకుని వేలితో కొట్టి చుక్కలూ గీతల కోడ్ నేర్పారు గుర్తుందా? అదైనా పంపుదామని చూశాను. మీ మొసలికి చుక్కా గీతా రెండూ ఒకటే టక్కు.

ఇంకోటి. నిన్న టపా తెచ్చినప్పుడు హోబర్ట్ ఒక మాట చెప్పాడు. జనవరిలోనే మీ ఇంటికొచ్చి, "అయ్యా, కొండ దారిలో నా జీపు రేడియో మీకు వినపడటం లేదండీ" అన్నాడట. మీరు "చవక రేడియోలు కొంటే అంతే మరి" అన్నారట. అంటే నా ఉత్తరం చూసేనాటికే మీకు తెలుసు. తెలిసి కూడా దాన్ని షాపులో చదివి అందరినీ నవ్వించారు. గొంతు బయటికి వినపడనివాళ్లు ఫిర్యాదు చెయ్యలేరు కదా. మీకెంత హాయి!

ఆ ఆంప్లిఫయర్‌కి ఒక స్విచ్ ఉంటుంది. కట్టెయ్యండి. నేనడిగేది అంతే.

లియోటా

*

కార్బీ
మార్చి 3

లియోటా,

నువ్వు "మీరు" అని రాస్తే నాకు అమ్మ కోపం గుర్తొస్తుంది. నవ్వకుండానే చదివాను. ఎవరికీ చదివి వినిపించలేదు.

నేనేమీ పట్టించుకోనివాడిని కాదు. మంచులో పడుతూ లేస్తూ గుట్ట ఎక్కాను. పెట్టె పక్కనే నిలబడి చేతి రేడియోలో మాట్లాడాను, ఒక్క ముక్క పోలేదు. గుట్ట కింద రోడ్డు మీద నుంచీ మాట్లాడాను, గాజులా ఉంది. నేను మాట్లాడితే వినేదానికి నువ్వు మాట్లాడితే చెవుడొస్తుందా? ఏదో కొంచెం తేడా ఉంటే ఉండవచ్చు. ఏప్రిల్‌లో దారి తెరిచాక యాంటెనా దగ్గర పెద్ద ఫిల్టర్ పెట్టిస్తాను.

హోబర్ట్ విషయం. అతను ప్రతిదానికీ సణుగుతాడు. అందుకని చెప్పలేదు.

కట్టెయ్యమన్నావు. అక్కడే ఉంది నా ఇబ్బంది. ఇరవై ఒకటిన పక్క కౌంటీ క్లబ్బు వాళ్లు మనూరికి విందుకొస్తున్నారు. పెట్టె గొంతు వినే వస్తున్నారు. అదే వారం దాని గొంతు నొక్కేస్తే నా పరువేం కాను? మీటింగులో నలుగురి ముందు నువ్వు నన్ను ఏదో చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పావు. నేను ఒక్క మాట అన్నానా? ఈ ఒక్కసారికి సర్దుకో. ఇరవై రెండో తారీఖున నేనే వెళ్లి కట్టేస్తాను. మంచు ఇరవై అయిదుకి ముందు ఎప్పుడు కదిలింది గనక!

ఆరిన్

*

కార్బీ ఆసుపత్రి
మార్చి 20

ఆరిన్,

నువ్వు గుమ్మం దాకా వచ్చావని నర్సు చెప్పింది. లోపలికి రానివ్వద్దన్నది నేనే. నీతో మాట్లాడితే గొంతు లేస్తుంది, టిల్డా అత్త ఇప్పుడే నిద్రలోకి జారుకుంది. అందుకని రాస్తున్నాను. నర్సు తెచ్చిస్తుంది.

మంచు బుధవారం కదిలింది. నీ తారీఖు కోసం ఆగలేదు.

మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే వంపు దగ్గర ఫిరంగి పేలినట్టు చప్పుడైంది. తడి చేతులతోనే బటన్ నొక్కాను. "మంచు కదిలింది, మంచు కదిలింది, పల్లంలో ఎవరున్నా గట్టెక్కండి" అన్నాను. వదిలాను. నువ్వు పలికావు! ఒక్క క్షణం దేవుడికి దండం పెట్టుకున్నాను. నువ్వు పలికింది నాకు కాదు. పక్క కౌంటీ ఆయనతో విందులో పంది మాంసం ఉంటుందా, కోడి ఉంటుందా అని మాట్లాడుతున్నావు. మీ మధ్యలో దూరి అరిచాను. నువ్వు ఆగి ఏమన్నావో నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "అదిగోనండీ, మా ఊరి కొంటెవెధవ. పట్టించుకోకండి, వాడే అలిసిపోతాడు."

నేను అలిసిపోలేదు. గస్ ట్రాక్టర్ తీసుకుని దిగి వెళ్లిపోయాక కూడా అరుస్తూనే ఉన్నాను. నీకు శంఖం ఊదడం కంటే చెవిటివాడి ముందు ఊదడం నయం, వాడు కనీసం నా నోరు కదలడం చూస్తాడు.

గస్ వెళ్లేసరికి పాక లేదు. గొర్రెలు లేవు, ఈనినవీ ఈననివీ ఏవీ లేవు. టిల్డా అత్త నడుము దాకా నీళ్లలో, తలుపు ఉండాల్సిన చోట గుంజ పట్టుకుని నిలబడి ఉంది. మంచుపెళ్ల తగిలి కాలు విరిగింది. గస్ ఎలా లాగాడో అతనికే తెలియదు. రెండు చేతులూ చీరుకుపోయాయి. పల్లంలో ఉన్న నీ దూడలు కూడా పోయాయని విన్నాను. వాటికి నేను ఏడవను, ఇప్పుడు కాదు.

నిన్న ఆవిడకి మాట వచ్చింది. నన్ను చూసి ఏమందో తెలుసా? "రేడియో పక్కనే పెట్టుకున్నానమ్మా. ఏదో టక్కు టక్కుమంది. మీ అన్న ఎవడో పోకిరీ అన్నాడు. నువ్వనుకోలేదు." నాకు క్షమాపణ చెప్పింది, ఆరిన్. ఆవిడ నాకు!

నీ మీద నాకున్న కోపానికి ఈ కాగితం చాలదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని గుమ్మంలో నిలబడకు. రేపు నీ విందు. వచ్చినవాళ్లకి మొసలిని చూపించు, అదెంత బాగా అరుస్తుందో.

నేను అత్త లేచి నడిచేదాకా ఇక్కడే ఉంటాను. ఈనే ఆవులతో, కట్లు కట్టిన చేతులతో గస్ అక్కడ ఒక్కడే ఉన్నాడు. నీకు ఎక్కడికైనా వెళ్లాలనిపిస్తే అక్కడికి పో.

లియోటా

*

ఎల్క్ బెండ్
ఏప్రిల్ 10

లియోటా,

నీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. బావ నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు "ఆ బకెట్ ఇటివ్వు" అన్నాడు. ఇచ్చాను. ఆవులు బాగానే ఉన్నాయి.

విందు జరగలేదు. అది చెప్పుకోవడానికి రాయడం లేదు.

వచ్చాక మొదటి ఆదివారం సాయంత్రం నీ కుర్చీలోనే కూర్చున్నాను. ఊళ్లో బర్డెట్ హాజరు పిలుస్తున్నాడు. ఆంప్లిఫయర్ అప్పటికింకా కట్టెయ్యలేదు. నేనే వద్దన్నాను, ఇక్కడికొచ్చి ఒకసారి వినాలనుకున్నాను. నా పేరు పిలిచాడు. నీ బటన్ నొక్కి, "ఆరిన్‌ని, ఎల్క్ బెండ్ నుంచి" అన్నాను. మళ్లీ పిలిచాడు. మళ్లీ చెప్పాను. "బర్డెట్, వినపడుతోందా?" అని అరిచాను. కుక్క లేచి బయటికి పోయింది. అప్పుడు బర్డెట్ అన్నాడు, "ప్రెసిడెంటుగారు మొహం చెల్లక దాక్కున్నారండీ. పోనిద్దాం పాపం." ఎవరో నవ్వారు. ఇంకెవరో కూడా నవ్వారు. అందరి గొంతులూ గుర్తుపట్టాను.

ఇన్నేళ్ల స్నేహం, వాడి గొంతు పిసకాలనిపించింది. ఆ మరుక్షణం నా గొంతు నేనే పిసుక్కోవాలనిపించింది. ఆ కుర్చీలో నువ్వు శీతాకాలమంతా కూర్చున్నావు. నేను ఒక్క సాయంత్రం ఓర్చుకోలేకపోయాను. తలెత్తి చూస్తే బావ పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. కాఫీ పోసిచ్చాడు.

మర్నాడే హోబర్ట్ ఇంటికెళ్లి, జనవరిలో అతను చెప్పిందే నిజమని ఒప్పుకున్నాను. "సణుగుడు కాదన్నమాట" అన్నాడు. కాదన్నాను. ఇద్దరం గుట్టెక్కాం. బావని ఇక్కడ రేడియో ముందు కూర్చోబెట్టి ఏదో ఒకటి చదువుతూ ఉండమన్నాం. విత్తనాల కేటలాగు అందుకున్నాడు.

తప్పు ఎక్కడుందో చెబుతాను, నీకు వినే హక్కుంది. పెట్టెలో చిన్న ట్రాన్స్‌మిటర్ మన మాటతో పాటు ఎప్పుడూ కొంచెం బుస కొడుతుంది. ఆ బుస పక్కకి పరుచుకుంటూ పెట్టె వినే ఫ్రీక్వెన్సీ దాకా వస్తుంది. ఇదివరకు అది సన్నం కాబట్టి చెవికి అడ్డం రాలేదు. ఆంప్లిఫయర్‌కి మాటేదో బుసేదో తెలియదు, రెండింటినీ పెంచేసింది. అంత బుసలోనూ ఊరివాళ్ల మాట పైకి తేలుతుంది. కొండల్లోంచి వచ్చే నీ మాట మునిగిపోతుంది. నేను పెట్టె పక్కన నిలబడి పరీక్ష చేశాను చూడు, అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. దాని చెవిలో నోరు పెట్టి అరిచి, బాగా వింటోందని దిగొచ్చాను.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని, పెద్ద ఫిల్టర్ ఎక్కడో చివర, యాంటెనా దగ్గర పెట్టాలనుకుంటూ ఏప్రిల్ కోసం చూస్తూ కూర్చున్నాను. రొట్టె కాలాక పిండి జల్లించేవాడిని ఎక్కడైనా చూశావా? జల్లెడ ముందు పట్టాలి. పాత రాగి డబ్బా ఫిల్టర్ ఒకటి నా కొట్లోనే పడి ఉంది. దాన్ని చిన్న ట్రాన్స్‌మిటర్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్యలో పెట్టాం. బుస పెరగకముందే దానికి చిక్కుతుంది, ఆంప్లిఫయర్‌కి చేరేది ఒట్టి మాటే. మధ్య కేబుల్ తీసేసి రెండు పొరల తొడుగున్నది వేశాం. పెట్టె గొంతు సగానికి తగ్గించాను. పక్క కౌంటీకి వినపడకపోతే పోనీ.

డబ్బా తగిలించక ముందు బావ కేటలాగులో ముల్లంగి దగ్గరున్నాడు. టక్, టక్. తగిలించి, హోబర్ట్ మరలు తిప్పి సరిచేశాడు. అంతే, క్యాబేజీ నుంచి గుమ్మడి దాకా ఒక్క అక్షరం పోలేదు. హోబర్ట్ టోపీ తీశాడు. నేను మంచులో కూలబడి ఏడ్చాను. అంత సులువైన పని, లియోటా. జనవరిలో హోబర్ట్ చెప్పినప్పుడే చెయ్యగలిగిన పని. ఆ డబ్బా అప్పుడూ అక్కడే ఉంది.

టిల్డా అత్త దగ్గరికి వెళ్లడానికి నీ అనుమతి అడుగుతున్నాను. నా గొర్రెలు తోలుకెళ్లి ఇస్తాను. అవి ఆవిడ గొర్రెలు కావని నాకు తెలుసు.

ఆదివారం నీ పేరు పిలుస్తాను.

ఆరిన్

*

ఎల్క్ బెండ్
మే 3

అన్నయ్యకు,

అత్త కర్రతో నడుస్తోంది. నన్ను ఇంటికి తరిమేసింది. నువ్వు గొర్రెలు తోలుకెళ్లావని, ఆవిడ వాటిని తీసుకుని నిన్ను మాత్రం గుమ్మం బయటే నిలబెట్టిందని తెలిసింది. మంచి పని చేసింది.

అప్పటి నుంచీ ప్రతి ఆదివారం హాజరులో నా పేరు పిలిచావట. నేను ఇంట్లో లేనని తెలిసి కూడా. నిన్న ఇంట్లోనే ఉన్నాను. పిలిచావు. నీ గొంతు ఇదివరకంత పెద్దగా లేదు. గస్ తువ్వాలు తీసేశాడు. మళ్లీ పిలిచావు. నా వేలు బటన్ మీదే ఉంది. మూడోసారి పిలిచావు. నొక్కలేదు.

బ్యాటరీ కొత్తదే. యాంటెనా నిటారుగానే ఉంది. పెట్టె బాగానే వింటోంది. అంతకు ముందే అత్త పలికింది కదా. హోబర్ట్ ఆవిడకి మాట్లాడే రేడియో పెట్టిచ్చాడు. "టిల్డా, నది ఒడ్డు నుంచి, బతికే ఉన్నాను" అంది. ఊరంతా విన్నది, నేనూ విన్నాను. నేను పలికితే నువ్వు వినేవాడివి. అది తెలిసే పలకలేదు.

దీన్ని అలక అంటారు, ఆరిన్. ఇన్నాళ్లూ దానికి నువ్వు పెట్టిన పేరు అబద్ధం. ఇప్పుడు నిజం. తేడా ఎలా ఉంటుందో కొన్నాళ్లు కూర్చుని విను.

మంచు కదిలితే మాత్రం చెబుతాను. దానికీ నా కోపానికీ సంబంధం లేదు. ఏటా చెబుతాను, మొదట అత్త పేరు పిలిచి చెబుతాను.

నువ్వు పిలవడం మానకు. ప్రతి ఆదివారం పిలువు. పలకకపోతే అలిగిందనీ దాక్కుందనీ ఎవరికీ కబుర్లు చెప్పకు. పిలువు, కాసేపు ఆగు, తరవాతి పేరుకి వెళ్లు. ఏదో ఒక రోజు పలుకుతాను. ఎప్పుడో నాకే తెలియదు.

ఎప్పుడైనా టక్కుమంటే మాత్రం, ఎంత ముఖ్యమైన మాటలో ఉన్నా సరే, నీ మాట ఆపు. అక్కడెవరో మాట్లాడుతున్నారు.

లియోటా